అనలిస్ట్ ఎర్రర్ అని ఎవరు తేల్చారు?

కొత్త కంపెనీలో చేరాక కొన్ని నెలల పాటు నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించిన పని సంతకం పెట్టడం. నవ్వకండి. ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు ఈ బాధ తెలుస్తుంది. మాకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా సంతకాలే. బ్యాలెన్స్ లాగ్‌బుక్‌లో ఒకటి, తూకం స్లిప్పు మీద ఒకటి, మొబైల్ ఫేజ్ (టెస్ట్ మిషన్‌లో పారించే ద్రవం) సీసా లేబుల్ మీద ఒకటి, వర్క్‌షీట్‌లో పేజీకొకటి, ప్రతి సంతకం పక్కన తేదీ, కొన్ని చోట్ల టైము కూడా. సంతకం పెట్టామంటే ఈ పని చేసింది నేనే, కాగితం మీద ఉన్నట్టే చేశాను, రేపు ఆడిటర్ వచ్చి అడిగినా ఇదే చెబుతాను అని ఒప్పుకున్నట్టు. ఏళ్ల తరబడి కళ్లు మూసుకుని పెట్టిన సంతకం, ఒక్క ఉద్యోగం పోగానే చెయ్యి కదలకుండా అయిపోయింది.

స్టాండర్డ్ తూచడమే తీసుకోండి. స్టాండర్డ్ అంటే మందుతో పోల్చి చూడటానికి వాడే, స్వచ్ఛత తెలిసిన పొడి. మిల్లీగ్రాముల్లో ఉంటుంది, గ్రాముల్లో పాయింట్ తర్వాత అయిదు అంకెలు చూపించే బ్యాలెన్స్ మీద తూచాలి. అద్దం తలుపు మూసి, సున్నా చేసి, గరిటె చివర్న రవ్వంత పొడి తీసుకుని వేసి, మళ్లీ తలుపు మూసి, చివరి అంకె ఊగడం ఆగేదాకా చూసి ప్రింట్ నొక్కాలి. ఏసీ గాలి కాస్త ఎక్కువైనా ఆ చివరి అంకె నిలవదు. ప్రింట్ వచ్చే కాగితం కొన్నాళ్లకు వెలిసిపోయే రకం కాబట్టి దాన్ని జిరాక్స్ తీసి, సంతకం పెట్టి, వర్క్‌షీట్‌కి జత చేస్తాం. అంతా కలిపి కాసేపటి పని. నేను మాత్రం అంకె నిలిచాక కూడా ప్రింట్ నొక్కకుండా అలాగే చూస్తూ ఉండేదాన్ని. నొక్కాక స్లిప్పు చూసేదాన్ని, వర్క్‌షీట్‌లో రాసి మళ్లీ స్లిప్పు చూసేదాన్ని, సీటు దగ్గరికి వెళ్లి కూర్చుని, ఫ్లాస్కు మీద లేబుల్ సరిగ్గా అంటించానా లేదా అని మళ్లీ లేచి వచ్చేదాన్ని. నా వెనక బ్యాలెన్స్ కోసం నిలబడ్డ పిల్లలు పాపం ఏమీ అనేవాళ్లు కాదు, పెద్దామె కదా అని.

మాది మహబూబ్‌నగర్. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్, అటు హైవే వెంట బాలానగర్, షాద్‌నగర్, కొత్తూరు, ఈ వరసలో ఫార్మా కంపెనీలు చాలానే ఉన్నాయి కాబట్టి కెమిస్ట్రీ చదివిన మా వైపు పిల్లలకు బతుకుదెరువు ఇక్కడే. పాత కంపెనీ పేరు, కొత్త కంపెనీ పేరు ఇక్కడ అనవసరం.

పాత చోట జరిగింది ఇది. మేం టెస్ట్ చేసే మందుల్లో పెద్ద వాటా ఉన్న ప్రొడక్టుని వేరే ఊళ్లో ఉన్న ప్లాంటుకి మార్చేశారు. పని తగ్గింది, షిఫ్టు ఒకటి ఎత్తేశారు, ఎత్తేసిన షిఫ్టులో మేం ఉన్నాం. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, చాలా మర్యాదగా, మంచినీళ్లు కూడా ఇచ్చి, "మీరే రిజైన్ చేసినట్టు రాయండి మేడం, రేపు ఇంకో కంపెనీలో మీకే మంచిది" అన్నారు. రాశాం. అలా రాయడం మంచిదో కాదో ఆ క్షణాన ఎవరికి తడుతుంది?

ఇక్కడ ఒక మాట, అవసరం ఉన్నవాళ్లకు పనికొస్తుంది. జీతంలో ఈఎస్ఐ కోత పడేవాళ్లకు, అంటే నెలకు 21,000 లోపు వాళ్లకు, ఉద్యోగం పోతే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటుంది, 2018లో మొదలుపెట్టారు. సగటు రోజు కూలీలో సగం చొప్పున, ఎక్కువలో ఎక్కువ 90 రోజులకు, జీవితంలో ఒక్కసారి ఇస్తారు. కనీసం రెండేళ్లు ఈఎస్ఐలో ఉండాలని, ఇంకా కొన్ని షరతులు ఉంటాయి. పథకం గడువుని పొడిగిస్తూ వస్తున్నారు, కాబట్టి ముందు మీ ఈఎస్ఐ ఆఫీసులో కనుక్కోండి. తనంతట తాను మానేసినవాళ్లకు ఇది రాదు, అందుకే "మీరే రాయండి" అన్నప్పుడు ఆ కాగితం తర్వాత ఎక్కడెక్కడ అడ్డం పడుతుందో ఒక్క నిమిషం ఆలోచించండి. మాలో జీతం తక్కువున్న ఇద్దరు ముగ్గురికి ఇలాంటిదొకటి ఉందని కూడా తెలియదు.

సరే, ఇంటికొచ్చాను. మా అమ్మ చూసింది, ఏడుస్తున్నానని అర్థమైంది, "పనే గద పోయింది బిడ్డా, చేతులేం పోలే గద" అని జొన్నరొట్టె చేయడానికి వెళ్లిపోయింది. అప్పుడు నాకు కోపం వచ్చింది, ఈమెకు ఉద్యోగం అంటే ఏం తెలుసు అని. ఆమెకు తెలిసినంత నాకు తెలియదని తర్వాత అనిపించింది. పాలమూరు (మా మహబూబ్‌నగర్ పాత పేరు) లేబర్ అంటే దేశంలో ఏ డ్యాం కట్టిన చోటైనా, ఏ కాలువ తవ్విన చోటైనా చెప్పుకునే పేరు. మా నాయన మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని బొంబాయి, పుణె వైపు పనులకు పోయినవాడే, పెళ్లయిన కొత్తలో అమ్మ కూడా వెంట వెళ్లింది. సైటు పని అయిపోతే గుంపు గుంపంతా తిరిగి వచ్చేసేది. వచ్చినవాళ్లను ఊళ్లో "ఎందుకు తీసేసిండ్రు" అని ఎవరూ అడగలేదు, పని అయిపోయింది కాబట్టి వచ్చారు, మళ్లీ పనుంటే పోతారు. అలాగని ఆ బతుకు బాగుందని చెప్పడం లేదు, ఆ అప్పులు, ఆ గుడిసెలు, పిల్లల చదువులు ఆగిపోవడం మా ఇంట్లో అందరికీ గుర్తే. కానీ పని పోవడాన్ని ఒక మనిషి మీద మచ్చగా చూడటం మాత్రం వాళ్లకు తెలియదు, అది చదువుకున్న మాకు వచ్చిన రోగం.

నాకు అంటించింది మా మేనత్త. ఓదార్చడానికే వచ్చింది పాపం, చాయ్ తాగుతూ మామూలుగా అడిగింది, "మరి నీ పక్కన కూసునే పిల్లను ఎందుకు తియ్యలే?"

ఆ ఒక్క ప్రశ్న నన్ను నెలల తరబడి తిన్నది. నిజమే కదా, ఆ పిల్లను ఎందుకు తీయలేదు? నేను చేరిన తర్వాత చాలా ఏళ్లకు చేరింది. అంటే నాలో ఏదో తక్కువే అయ్యుంటుంది. నేను నెమ్మది. నాకు ఇంగ్లిష్‌లో గట్టిగా మాట్లాడటం రాదు. మీటింగుల్లో వెనక కూర్చుంటాను. ఇలా ఒకటొకటే తవ్వుకుంటూ పోయాను, తవ్వితే దొరకనిదేముంది.

కొత్త ఉద్యోగం దొరికాక ఇదంతా పోతుందనుకున్నాను. పోకపోగా ముదిరింది. సెక్షన్ హెడ్ "ఒక్క నిమిషం రండి మేడం" అంటే చాలు, అరచేతులు చల్లబడేవి. ఆయన నాకంటే చిన్నవాడు, మంచివాడు, ఆయన అడిగేది కాలమ్ (మందులోని పదార్థాలను విడదీసే గొట్టం) ఏ బీరువాలో పెట్టారు అని, అంతే. చిన్న మాట అడిగితే పెద్ద సంజాయిషీ ఇచ్చేదాన్ని. తెలియనిది అడిగితే ఇన్నేళ్ల అనుభవం ఉండి ఇది కూడా రాదా అనుకుంటారని అడిగేదాన్ని కాదు, కొత్త చోట ఎస్ఓపీలు, అంటే పని ఎలా చేయాలో రాసిన కాగితాలు, వేరు, సాఫ్ట్‌వేర్ వేరు, ఫైలు పేరు పెట్టే పద్ధతి కూడా వేరు, అడగకుండా ఎలా? రాత్రి ఇంటికొచ్చి ఎస్ఓపీలో చదివింది గుర్తు తెచ్చుకుంటూ పడుకునేదాన్ని. "మా పాత కంపెనీలో ఇలా కాదు" అన్న మాట నాలుక చివర దాకా వచ్చి ఆగిపోయేది. ఆ మాట అంటే మరి అక్కడే ఉండకపోయావా అంటారేమో అని.

యూట్యూబ్‌లో మోటివేషన్ వీడియోలు చూశాను, మొహమాటం లేకుండా చెబుతున్నాను, నాకు ఒక్కటీ పనిచేయలేదు. అద్దం ముందు నిలబడి నేను గొప్పదాన్ని అనుకోమంటారు. ల్యాబ్‌లో పనిచేసే మనిషికి డేటా చూపించకుండా గొప్పదానివి అంటే ఎలా నమ్ముతుంది?

నమ్మించింది వేరే ఉంది, అది కూడా అనుకోకుండా. కొత్తగా చేరినవాళ్లందరికీ ఓఓఎస్ మీద ట్రైనింగ్ పెడతారు. ఓఓఎస్ అంటే రిజల్ట్ నిర్ణయించిన హద్దు దాటి రావడం. ఈ ట్రైనింగ్ నేను పాత చోట చాలాసార్లు విన్నదే, స్లయిడ్లు కూడా ఇంచుమించు అవే. రిజల్ట్ ఫెయిలైతే ముందు ద్రావణాలు పారబోయొద్దు, వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పు, తూకం, డైల్యూషన్, స్టాండర్డ్ గడువు, కాలమ్, లెక్క అన్నీ కాగితం మీద పెట్టి చూడు. ల్యాబ్‌లో తప్పు జరిగిందనడానికి ఆధారం దొరికితేనే ఆ రిజల్ట్ కొట్టేయాలి. ఆధారం లేకపోతే అది నిలబడుతుంది, విచారణ ప్రొడక్షన్ వైపు పోతుంది.

దీని వెనక ఒక కోర్టు కథ ఉంది. ఒకప్పుడు రిజల్ట్ ఫెయిలైతే పాసయ్యేదాకా టెస్ట్ చేసి, పాసైన దాన్నే చూపించే అలవాటు ఉండేది. 1993లో అమెరికాలో బార్ లేబొరేటరీస్ కేసులో న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు అది కుదరదని తేల్చింది. ఆ తర్వాత 2006లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద గైడెన్స్ ఇచ్చింది, 2022లో దాన్ని సవరించింది. అందులో ఒక మాట ఉంది, ల్యాబ్ తప్పులు అరుదుగానే జరగాలి, పదే పదే జరుగుతున్నాయంటే ట్రైనింగ్ సరిగ్గా లేకపోవడమో, పరికరాలు సరిగ్గా లేకపోవడమో, పనిలో అజాగ్రత్తో కారణం కావచ్చని. అనలిస్ట్ అంటే టెస్ట్ చేసే మనిషి. ట్రైనింగ్ ఇచ్చినాయన ఇది చెబుతూ అన్నాడు, "ఏ కారణమూ దొరకలేదు కదా అని అనలిస్ట్ ఎర్రర్ రాసి మూసేయడం అందరికీ సుఖం. అనలిస్ట్‌కి తప్ప."

నేను అక్కడే కూర్చుని మా మేనత్త ప్రశ్న గుర్తు చేసుకున్నాను. నా ఉద్యోగం పోవడం మీద నేను చేసింది సరిగ్గా ఆ సుఖమైన పనే. ఏ కాగితమూ చూడలేదు, ఎవరినీ అడగలేదు, అనలిస్ట్ ఎర్రర్ అని రాసుకుని మూసేశాను. రాసినామె, సంతకం పెట్టినామె, శిక్ష పడినామె, ముగ్గురూ ఒక్కరే. మా ల్యాబ్‌లో అలాంటి రిపోర్టు వస్తే క్యూఏ వాళ్లు, అంటే మా పనిని తనిఖీ చేసే క్వాలిటీ అష్యూరెన్స్ వాళ్లు, మొహాన కొడతారు.

ఆ ఆదివారం పాత డైరీ ఒకటి తీసుకుని కూర్చున్నాను. నా మీద నేనే విచారణ పెట్టుకున్నట్టు, ఆధారం ఉన్నదే రాయాలి అని నియమం. నా అప్రైజల్ కాగితాలు ఏం చెబుతున్నాయి? బాగానే ఉన్నాయి. నా పేరు మీద డీవియేషన్లు (పద్ధతి తప్పినట్టు రికార్డులు) ఉన్నాయా, సెలవులు ఎక్కువ పెట్టానా? లేదు. తీసేసినవాళ్లలో ఎవరెవరు ఉన్నారు? మా అందరికీ పని నేర్పిన సీనియర్ కూడా ఉన్నాడు, ఆయన కంటే బాగా పని వచ్చినవాళ్లు ఆ ఫ్లోర్‌లో లేరు. ప్రొడక్టు వెళ్లిపోయింది అన్నది మెయిల్లో ఉన్న సంగతి. మరి పక్కన కూర్చునే పిల్లను ఎందుకు ఉంచారు? ఆమెకే ఫోన్ చేసి అడిగాను. ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదో! "అక్కా, నాకు జీసీ వచ్చు కదా, జీసీ మీద షిఫ్టుకొకరు ఉండాలి, అందుకే ఉంచిండ్రు" అంది.

అంతే సంగతి. నాకు హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలో ఏది ఎంతుందో కొలిచే మిషన్) వచ్చు, డిసోల్యూషన్ (మాత్ర ఎంత కరుగుతుందో చూసే టెస్ట్) వచ్చు, జీసీ, అంటే ఆవిరిగా మారే పదార్థాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ, రాదు, నేర్పే అవకాశం రాలేదు, నేను అడగనూ లేదు. 2018లో వల్సార్టాన్ బీపీ మాత్రల్లో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న నైట్రోసమైన్ మలినం బయటపడి, చాలా దేశాల్లో ఆ మందుని వెనక్కి తీసుకున్నప్పటి నుంచి అలాంటి రవ్వంత మలినాలను పట్టే జీసీ-ఎంఎస్, ఎల్‌సీ-ఎంఎస్ మిషన్లు నడపగలిగేవాళ్లకు గిరాకీ పెరిగింది. ఇది నా నెమ్మదికీ, నా ఇంగ్లిష్‌కీ, వెనక బెంచీకీ ఏమాత్రం సంబంధం లేని విషయం. పైగా నేర్చుకుంటే వచ్చే విషయం. మర్నాడు సెక్షన్ హెడ్ దగ్గరికి నేనే వెళ్లి, జీసీ నేర్చుకుంటాను సార్ అన్నాను. కాస్త ఆశ్చర్యంగా చూసి, సరే మేడం, రెసిడ్యువల్ సాల్వెంట్స్ (మందులో మిగిలిపోయిన ద్రావకాలు) టెస్టుతో మొదలుపెట్టండి అన్నాడు. నేర్పింది ఇరవై రెండేళ్ల పిల్లాడు. "అక్కా, వయల్ మూత క్రింప్ చేశాక తిప్పి చూడండి, తిరిగితే లూజున్నట్టు, మళ్లీ చేయాలి" అని వాడు చెబుతుంటే నేను నోట్ చేసుకున్నాను. సిగ్గేమీ అనిపించలేదు. తెలియదు అని పైకి ఒకసారి అన్నాక ఇక దాచడానికేముంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, అందరికీ ఇలాంటి కారణమే దొరుకుతుందని కాదు. కొందరి ఉద్యోగం నిజంగానే పని బాగా చేయక పోతుంది, అదీ కాగితాల్లో కనిపిస్తుంది. కనిపిస్తే అదే రాసుకోవాలి. నేననేది ఒకటే, చూసి రాయండి.

ఆ తర్వాత కొన్నాళ్లకు నిజమైన ఓఓఎస్ ఒకటి నా చేతిలోనే వచ్చింది. ఒక ట్యాబ్లెట్ అస్సే, అంటే మాత్రలో మందు ఎంతుందో చూసే టెస్ట్, హద్దు 95 నుంచి 105 శాతం, నాది 95 కిందికి వచ్చింది. స్క్రీన్ మీద ఆ అంకె చూడగానే పాత వణుకు వచ్చిన మాట నిజం. కానీ చేతులు అలవాటు ప్రకారం పని చేసుకుపోయాయి. ఫ్లాస్కులు పక్కన పెట్టాను, లేబుళ్లు చూశాను, సార్‌కి చెప్పాను. ఈలోపు ప్రొడక్షన్ నుంచి ఫోను, "తూకంలో ఏమన్నా తేడా ఉందేమో, ఇంకొకళ్లతో ఒకసారి చేయించండి సార్" అని. స్పీకర్‌లో ఉంది, నేను పక్కనే నిలబడి ఉన్నాను. సార్ నా వైపు చూశాడు. ట్యాబ్లెట్లు ఎన్ని తూచి పొడి చేశారు? ఇరవై, ఇదిగో స్లిప్పు. పిపెట్ ఏది? నంబరు ఇది, కాలిబ్రేషన్ గడువు ఇది. సోనికేట్ (శబ్ద తరంగాలతో కరిగించడం) ఎంతసేపు చేశారు, మధ్యలో కదిపారా? కదిపాను, టైము రాసి ఉంది. స్టాండర్డ్ ఇంజెక్షన్ల మధ్య తేడా ఎంత? ఆర్‌ఎస్‌డీ (ఆ తేడాను కొలిచే లెక్క) రెండు శాతం లోపే, సిస్టం సూటబిలిటీ (మిషన్ సరిగ్గా ఉందా అన్న పరీక్ష) పాస్. ఒక్కో ప్రశ్నకు ఒక్కో కాగితం తీసి ముందు పెట్టాను. సంజాయిషీ ఒక్కటి కూడా ఇవ్వలేదు. అనుమతి తీసుకుని ఉంచిన ద్రావణాన్నే మళ్లీ ఇంజెక్ట్ చేస్తే ఇంచుమించు అదే అంకె. స్టాక్ నుంచి మళ్లీ డైల్యూట్ చేసినా అదే. ల్యాబ్ వైపు తప్పేమీ లేదని రాసి, విచారణ అవతలి వాళ్లకు పంపారు. అక్కడ ఏం తేలిందో బయట రాయడం పద్ధతి కాదు కాబట్టి రాయను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "ఓకే మేడం" అన్నాడు సార్, తర్వాతి బ్యాచ్ ఏది అని అడిగాడు. కంపెనీ బస్సులో జడ్చర్ల ఫ్లైఓవర్ దాటాక నాకు తట్టింది, అంత సేపు మాట్లాడాను కదా, నా అరచేతులు ఎలా ఉన్నాయో నేను చూసుకోనే లేదు.

భయం పూర్తిగా పోయిందా అంటే పోలేదు. హెచ్ఆర్ నుంచి మెయిల్ వస్తే ఇప్పటికీ తెరిచే ముందు గుండె ఒకసారి దడ్‌మంటుంది, తీరా చూస్తే బతుకమ్మ సెలవుల సర్క్యులర్. ప్రొడక్టు ఏదైనా వేరే ప్లాంటుకి మారుతుందన్న మాట క్యాంటీన్‌లో వినిపిస్తే ఆ పూట అన్నం సయించదు. ఉంటుంది, రేపు ఇక్కడ కూడా షిఫ్టు ఎత్తేయరని ఎవరు చెప్పగలరు? కాకపోతే రెజ్యూమెలో జీసీ చేరింది, లింక్డిన్‌లో పాతవాళ్లతో మాట్లాడుతున్నాను, పీఎఫ్ ఖాతాలో పాత కంపెనీ మానేసిన తేదీ పడిందో లేదో చూసుకున్నాను. పడకపోతే కొత్త ఖాతాకి మార్చుకునేటప్పుడు తిప్పలు, మీరూ చూసుకోండి.

మా పాత షిఫ్టులో ఒక తమ్ముడు ఉన్నాడు, భూత్పూర్ దగ్గర వాళ్లది. డిసోల్యూషన్‌లో వాడి చెయ్యి చాలా మంచిది. తీసేశాక ఇంటర్వ్యూలకు వెళ్లడమే మానేశాడు, "ఎందుకు మానేసినవ్ అని అడుగుతరు అక్కా, ఏం చెప్పాలె" అని. బావతో కలిసి కొన్నాళ్లు కిరాణా షాపులో కూర్చున్నాడు. మొన్న ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాను. కథలు చెప్పకు, పాత కంపెనీని తిట్టకు, ప్రొడక్టు వేరే సైటుకి పోయింది, మా షిఫ్టు ఎత్తేశారు, అంతే చెప్పి ఆగిపో అన్నాను. ఆగిపోవడమే కష్టం, మాట అయిపోయాక వచ్చే ఆ నిశ్శబ్దం భరించలేక మనమే ఇంకేదో చెప్పి చెడగొట్టుకుంటాం. వాడితో ఫోన్లోనే పలికించాను, మొదట్లో ప్రతిసారీ చివర్న "కానీ నేను బాగనే చేస్తుంటి సార్" అని తగిలించేవాడు, అది తీసేయించాను.

పోయినవారం కొత్తూరు వైపు ఒక కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాడు. ఎందుకు మానేశావని అడగనే అడిగారట, వీడు చెప్పిందే చెప్పి ఆగాడట. అవతలాయన తల కూడా ఎత్తలేదట, రెజ్యూమె తిప్పుతూ, "నైట్ షిఫ్ట్ చేస్తావా? బస్సు షాద్‌నగర్ దాకే వస్తది" అన్నాడట.